చేనుకూ కంచానికీ మధ్య ఆగిపోయిన కొర్ర

కొర్ర, సామ, అరిక, రాగి, జొన్న, సజ్జ. ప్రభుత్వ కాగితాల్లో ఈ గింజలకు మారినన్ని పేర్లు మరే పంటకూ మారి ఉండవు. దశాబ్దాల పాటు ఇవి ‘ముతక ధాన్యాలు’. 2018 ఏప్రిల్‌లో కేంద్రం గెజిట్ ప్రకటన ఇచ్చి వీటిని ‘పోషక ధాన్యాలు’ చేసింది. 2023-24 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ‘శ్రీ అన్న’ అయ్యాయి. ఈలోగా కన్నడ దేశం నుంచి వచ్చిన ‘సిరిధాన్యాలు’ అన్న మాట తెలుగు దుకాణాల బోర్డులకెక్కింది. భారత్ ప్రతిపాదనను 72 దేశాలు బలపరచగా ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సన్మానాలకైతే లోటు లేదు.

ఆ సన్మానం మెట్ట పొలం దాకా ఎంత చేరిందన్నది వేరే లెక్క. నగరంలో కొర్ర బియ్యం ప్యాకెట్టు దొరకని పెద్ద దుకాణం ఇప్పుడు అరుదు. కొర్ర పండించిన రైతు ఇంట్లో మాత్రం రాత్రి పొయ్యి మీద ఉడికేది ఎక్కువగా రేషన్ బియ్యమే. చిరుధాన్యాల పునరుద్ధరణ గురించి జరిగే చర్చ చాలావరకు రెండు చివరల దగ్గరే తిరుగుతుంది. ఒక చివర విత్తనం, రెండో చివర వినియోగదారుడు. చిక్కు మాత్రం మధ్యలో ఉంది. కళ్లం దాటిన గింజ కంచంలోకి ఎలా వస్తుంది, ఎవరి కంచంలోకి వస్తుంది అన్న దగ్గరే ఈ పంటలు ఒకప్పుడు ఓడిపోయాయి. తిరిగి గెలవాల్సిందీ అక్కడే.

ఎందుకు పోయాయి

1960లలో దేశంలో జొన్న సాగు విస్తీర్ణం సుమారు 1.8 కోట్ల హెక్టార్లు. ఇప్పుడది 40 లక్షల హెక్టార్ల దరిదాపుల్లో ఉంది. దీనికి హరిత విప్లవాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం సులభమే కాని, తెలుగు నేల మీద జరిగింది అంత సూటిగా లేదు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకంగా దాని విలువను తక్కువ చేయలేం. కాని సంకటి, గటక, జొన్నరొట్టె మీద బతికిన మెట్ట ప్రాంతాలకు అది ఇంకో సంగతి కూడా తెచ్చింది. అంతవరకు పండుగకో, చుట్టం వచ్చిన రోజుకో వండుకునే వరి అన్నం నిత్యం అందే తిండి అయింది. చేనిలో జొన్న పండించి, కోసి, నూర్చి, విసిరి, రొట్టె కొట్టుకునే శ్రమకంటే దుకాణం నుంచి తెచ్చిన బియ్యం వండుకోవడం చౌక. ఒకసారి ఇంటి అవసరం తీరాక చేనిలో ఆ పంట ఉండాల్సిన కారణమూ పోయింది. ఆ స్థలంలోకి అమ్ముకునే పంటలు వచ్చాయి. అనంతపురంలో వేరుశనగ, తెలంగాణ మెట్టల్లో పత్తి.

రెండో కారణం బోరుబావి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక, నీరు పడిన ప్రతి మెట్ట చెక్కా మాగాణి కావాలని చూసింది. బోరు కింద రాగి వేయవచ్చు. నిజానికి రాయలసీమలో వేసేవారు కూడా. అయితే కరెంటు ఉచితమైనప్పుడు నీటిని పొదుపు చేసే పంటకు ప్రత్యేకంగా దక్కేదేమీ లేదు. నీటికి ధర లేని చోట తక్కువ నీరు తాగే గుణానికి కూడా ధర ఉండదు.

మూడో కారణాన్ని సదస్సుల్లో ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. అది రోకలి. కొర్రలు, సామలు, అరికలు దంచి, చెరిగి, మళ్లీ దంచి బియ్యం తీయడం ఇంటి ఆడవాళ్ల పని. తెల్లవారకముందే రోటి దగ్గర మొదలయ్యే ఆ చాకిరి నుంచి విముక్తి దొరికితే వద్దన్న వారెవరూ లేరు. అమ్మమ్మల కాలపు తిండి అని మురిసిపోయేవారు ఆ అమ్మమ్మల అరచేతులను కూడా గుర్తు చేసుకోవాలి. ఊరికి వరి మర వచ్చింది గాని కొర్ర మర రాలేదు. మర ఉన్న గింజ నిలిచింది, లేని గింజ అటక ఎక్కింది.

పొట్టు ఉన్నవి, లేనివి

చిరుధాన్యాలన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటంతో విధానాల్లో చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. వీటిలో రెండు జాతులున్నాయనుకోవాలి. జొన్న, సజ్జ, రాగి నూర్చగానే తినే గింజ చేతికొస్తుంది. నేరుగా తిరగలికో పిండి మరకో వెళ్లిపోతాయి. కొర్ర, సామ, ఊద, వరిగ, అరిక, అండుకొర్ర అలా కాదు. వీటి గింజకు గట్టి పొట్టు ఉంటుంది, అది ఊడితేనే బియ్యం. అరికకైతే పొర మీద పొర. అన్నింటికంటే మొండి గింజ అదే.

రాగి ఎందుకు నిలిచింది, అరిక ఎందుకు మాయమైంది అన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ఉత్తరాంధ్రలో చోళ్లుగా, తెలంగాణలో తైదలుగా, సీమలో రాగులుగా పిలిచే ఆ గింజకు ఊళ్లో ఉన్న పిండి మర చాలు. పొరుగున కర్ణాటకలో దాని బలం మరింత. దేశంలో పండే రాగుల్లో సగానికి పైగా అక్కడివే. ముద్ద తినే అలవాటు చెక్కుచెదరలేదు. దానికి తోడు ప్రభుత్వం మద్దతు ధరకు రాగులు కొని దక్షిణ జిల్లాల్లో రేషన్ దుకాణాల ద్వారా ఇస్తోంది. పండించేవాడే తినేవాడు కావడం, మిగిలింది కొనేవాడు ఉండటం, పిండి ఆడించడం సులభం కావడం. ఈ మూడూ ఒకేచోట కలిశాయి.

పొట్టు గింజలకు ఈ మూడింటిలో ఏదీ సరిగ్గా లేదు. కొర్రల పొట్టు తీయాలంటే ముందు రాళ్లు, మట్టి బెడ్డలు వేరుచేయాలి. గింజ మరీ చిన్నది, చెరువు మట్టి కళ్లంలో నూర్చితే అదే పరిమాణంలో ఉన్న ఇసుక రేణువు దాంట్లో కలిసిపోతుంది. తర్వాత సైజుల వారీగా జల్లించాలి. చిన్న గింజ, పెద్ద గింజ కలిసి మరలో పడితే పెద్దది నూక అవుతుంది, చిన్నది పొట్టుతోనే బయటికి వస్తుంది. వరి మరలో పోస్తే పని జరగదు. ఇంత చేశాక క్వింటాలు కొర్రల నుంచి వచ్చే బియ్యం 60 నుంచి 70 కిలోలు. మిగిలింది పొట్టు, తవుడు, నూక.

క్వింటాలు కొర్రలు రూ. 3,000 అనుకుందాం. 65 కిలోల బియ్యం వస్తే మర ఖర్చు పడకముందే కిలో రూ. 46 దాటుతుంది. దాని మీద రవాణా, ఆడింపు, పొట్లం, దళారి, దుకాణదారు. నగరం ప్యాకెట్టు ధర చూసి రైతుకు లాభాలు వస్తున్నాయనుకునేవారు ఈ మధ్య మెట్లను లెక్కలోకి తీసుకోరు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, మర దూర పట్టణంలో ఉంటే పండించిన రైతు తన కొర్రలను గింజగా అమ్మి, తినాలంటే అదే కొర్రను బియ్యంగా రెండు మూడు రెట్లు పెట్టి కొనుక్కోవాలి. ఆ పని ఎవరూ చేయరు. రేషన్ బియ్యం ఉండగా అసలే చేయరు.

సజ్జకు ఇంకో ఇబ్బంది. పొట్టు లేదు, కాని కొవ్వు శాతం ఎక్కువ. పిండి ఆడించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. అందుకే మన ఇళ్లలో సజ్జపిండి ఎప్పటికప్పుడు విసురుకునేవారు. ప్యాకెట్లో నెలల తరబడి నిలవ ఉంచాలంటే గింజను ముందే వేడిచేయడం వంటి ప్రక్రియ కావాలి. ఊరి పిండి మరకు అది తెలియదు.

కరువును తట్టుకోవడం అంటే

‘నీళ్లు లేకపోయినా పండుతాయి’ అన్న మాట అబద్ధానికి దగ్గరగా ఉన్న నిజం. వరికి ఒక పంట కాలంలో 1,200 మిల్లీమీటర్లకు పైగా నీరు కావాలనుకుంటే చిరుధాన్యాలకు 350 నుంచి 500 మిల్లీమీటర్లు సరిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం లాంటి చోట ఈ తేడాయే పంటకూ బీడుకూ మధ్య తేడా. ఇవన్నీ ‘సి4’ తరగతి మొక్కలు. ఎండ, వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కూడా ఆకు రంధ్రాలను కొంత బిగించి, తక్కువ నీటి నష్టంతో ఆహారం తయారు చేసుకోగలవు. వరి, గోధుమలకు ఆ ఏర్పాటు లేదు. జొన్న ఇంకో అడుగు ముందుకేస్తుంది. బెట్ట వస్తే ఆకు చుట్టుకుని ఎదుగుదల ఆపేసి, వాన పడగానే మళ్లీ కదులుతుంది. (ఆ బెట్ట దశలో లేత జొన్నలో సైనైడు విషం పేరుకుంటుంది. పశువులు మేస్తే ప్రాణాలకే ముప్పు. వాడిపోతున్న జొన్నచేలోకి పెద్దలు పశువును వదలనిచ్చేవారు కాదు, ఊరికే కాదు.)

అయినా పూత దశలో మూడు వారాలు చినుకు లేకపోతే కొర్ర వెన్ను కూడా తాలు పోతుంది. కోత సమయంలో ముసురు పడితే ఖరీఫ్ జొన్న కంకికి బూజు పట్టి గింజ నల్లబడుతుంది, ధర పడిపోతుంది. కరువును తట్టుకుంటాయంటే ప్రతిసారీ పండుతాయని కాదు.

వీటి అసలు బలం వేరే చోట ఉంది. పోయినా తక్కువ పోతుంది. ఎకరా వేరుశనగ వేయాలంటే 60 నుంచి 80 కిలోల విత్తనం. ఆ ఖర్చుకే అప్పు మొదలవుతుంది. వాన మొహం చాటేస్తే విత్తనమే నేలపాలు. ఎకరా కొర్రకు గొర్రుతో విత్తితే రెండు కిలోలు చాలు. పోతే మళ్లీ విత్తవచ్చు. పైగా కొర్ర 80-90 రోజుల్లో, వరిగ అయితే ఇంకా ముందే చేతికొస్తాయి. తొలకరి తప్పినా, శ్రావణం దాకా చూసి విత్తుకునే వెసులుబాటు ఉంటుంది. ఆలస్యమైన రుతుపవనాలకు వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించే ప్రత్యామ్నాయ ప్రణాళికల్లో ఈ పంటలు తరచూ కనిపించేది ఇందుకే. గింజ రాకపోయినా చొప్ప మిగులుతుంది. పశువు అమ్ముకోవాల్సిన పరిస్థితిని ఒక నెల వాయిదా వేసేది ఆ చొప్పే.

ఇంకో సంగతి నిలవ. రాగికి పురుగు త్వరగా పట్టదు, ఏళ్ల తరబడి ఉంటుంది. పల్నాడు, సీమ ప్రాంతాల్లో జొన్నలను పాతరేసేవారు. కరువు ఏడాది పంటతోనే గట్టెక్కాలని మన పూర్వులు అనుకోలేదు. మంచి ఏడాది పంటను కరువు ఏడాదికి దాచారు. ఇప్పటి చర్చలో కరువు నిరోధం అంటే విత్తన రకం గురించే మాట్లాడతారు, గాదె గురించి మాట్లాడరు. అయితే నిలవలో జాగ్రత్త తప్పనిసరి. తడి ఆరని అరికలకు పట్టే ఒక రకం బూజు విషం పుట్టిస్తుంది. 2024 అక్టోబరు చివర మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోవడానికి అలాంటి బూజు పట్టిన అరిక పంటే కారణమని పరీక్షల్లో తేలింది. అరికను తిట్టాల్సిన పనిలేదు. ఆరబెట్టే కళ్లాలు, టార్పాలిన్లు కూడా పంట ప్రోత్సాహంలో భాగమేనని గ్రహిస్తే చాలు.

పోషణ: ఎంత నిజం, ఎంత ఊదర

సామాజిక మాధ్యమాల్లో చిరుధాన్యాలు నయం చేయని జబ్బు లేదు. ఫలానా రోగానికి అరిక, ఫలానా దానికి ఊద అని పట్టికలు తిరుగుతుంటాయి. ఆ పట్టికల జోలికి పోకుండానే చెప్పుకోదగినంత నిజం ఈ గింజల్లో ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మరపట్టిన తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. సజ్జల్లో ఇనుము ఆరు మిల్లీగ్రాములకు పైనే, తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము లోపే. పీచు జొన్నల్లో, రాగుల్లో పది గ్రాములు దాటితే తెల్లబియ్యంలో మూడు గ్రాములకు చేరదు. మరోవైపు, రాగిలో మాంసకృత్తులు బియ్యంకంటే ఎక్కువేమీ లేవు. దాదాపు సమానం, కొంచెం తక్కువే. ఏ గింజ బలం ఆ గింజదే. అన్నింటిలో అన్నీ ఉన్నాయనడం వ్యాపార ప్రకటన.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇలాంటి చోట బియ్యంలో పది శాతం స్థానాన్ని సజ్జ, జొన్న ఆక్రమించినా మేలే. అయితే పట్టికలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. గింజ పైపొరల్లోని ఫైటిక్ ఆమ్లం, టానిన్లు దాన్ని పట్టి ఉంచుతాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఆ పట్టును సడలిస్తాయి. రాత్రి పులవబెట్టి పొద్దున తాగే అంబలి, మొలకకట్టి ఆరబెట్టి విసిరిన రాగిపిండి కేవలం రుచి కోసం పుట్టినవి కావు. ప్యాకెట్టులో వచ్చే రాగి బిస్కట్టుకు ఈ గుణం అంటదు. అందులో రాగి ఎంతో, మైదా ఎంతో, చక్కెర ఎంతో వెనకవైపు చిన్న అక్షరాల్లో చదివితే కొందరికి ఆకలి చచ్చిపోవచ్చు.

తెల్లగా మెరిసే కొర్ర బియ్యం కూడా ఇంతే. పాలిష్ పట్టి తవుడంతా తీసేస్తే పీచు, ఖనిజాలు, విటమిన్లలో పెద్ద భాగం దానితోనే పోతుంది. త్వరగా ఉడుకుతుంది, ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది, కంటికి ఇంపుగా ఉంటుంది. సోనామసూరికి అలవాటుపడ్డ కళ్ల కోసం కొర్రను కూడా సోనామసూరిలా మార్చి అమ్ముతున్నారు. మధుమేహం భయంతో కొనేవారికి దక్కేది ఖరీదైన తెల్ల అన్నమే.

పిల్లల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోదగిన ఆధారం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిపెట్టే అక్షయపాత్ర సంస్థతో కలిసి కర్ణాటకలో సుమారు 1,500 మంది విద్యార్థులతో మూడు నెలల అధ్యయనం చేసింది. చిరుధాన్య వంటకాలు తిన్నవారి ఎదుగుదల, ఇనుము తదితర పోషకాలు కలిపిన బియ్యపు భోజనం తిన్నవారికంటే మెరుగ్గా నమోదైంది. 2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది. జావలో బెల్లం ఎంత వేస్తారు, ఎండాకాలం పిల్లలు ఎంత తాగుతారు అన్న సందేహాలు పక్కనపెడితే, ఇది సరైన దిశ. నగరంలో వందమంది ఆరోగ్య స్పృహతో కొనేదానికంటే ఒక మండలం బడులకు నిలకడగా కావాల్సిన రాగులే రైతుకు భరోసా ఇస్తాయి. ఆ రాగులు ఎక్కడి నుంచి కొంటున్నారన్నదే కీలకం. దూరపు టెండరుదారు లారీలో పంపితే పక్క చేను రైతుకు ఒరిగేదేమీ ఉండదు.

ఆదాయం లెక్క

2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు క్వింటాలుకు ఇలా ఉన్నాయి. సాధారణ రకం వరికి రూ. 2,369, హైబ్రిడ్ జొన్నకు రూ. 3,699, సజ్జకు రూ. 2,775, రాగికి రూ. 4,886. వరికి రెట్టింపు దాటిన రాగి ధర చూస్తే రైతులంతా రాగికి మళ్లాలి. మళ్లరు, ఎందుకంటే వరికి ధరతోపాటు కొనుగోలు కేంద్రం, గోనెసంచి, కాంటా, లారీ, మిల్లు అన్నీ ఉన్నాయి. చాలాచోట్ల రాగికి ఉన్నది ధర ఒక్కటే. కొర్ర, సామ, ఊద, వరిగ, అరికల పరిస్థితి ఇంకా ఘోరం. కేంద్రం మద్దతు ధరల జాబితాలో వాటి పేరే లేదు. ఏడాది పొడవునా ఉత్సవాలు చేసిన ధాన్యాలకు ఒక కనీస అంకె రాయడం మరిచిపోయారు. ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రం అరికలు, సామలకు సొంతంగా ధర ప్రకటించి అటవీ ఉత్పత్తుల సహకార వ్యవస్థ ద్వారా కొన్నది. తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థాయి నిలకడ ఇంకా రాలేదు.

వరితో పోల్చడమే తప్పని కూడా చెప్పాలి. వర్షాధార మెట్టలో ఎకరాకు ఐదారు క్వింటాళ్ల కొర్రను బోరు కింద పాతిక క్వింటాళ్ల వరితో తూచడం అర్థం లేని పని. పోల్చాల్సింది అదే నేలలో వేసే పత్తితో, వేరుశనగతో. ఆ పోలికలో మంచి ఏడాది పత్తిదే పైచేయి కావచ్చు. ఐదేళ్లు కలిపి, పురుగుమందు, ఎరువు, విత్తనం, వడ్డీ తీసేసి చూస్తే తేడా బాగా తగ్గుతుంది. కాని ఐదేళ్ల లెక్క వేసుకునే ఓపిక అప్పులో ఉన్న రైతుకు దొరకదు. అప్పు ఇచ్చేవాడు ఈ ఏడాది పంటనే చూస్తాడు. బ్యాంకులు కూడా ఎకరాకు ఇచ్చే రుణాన్ని పంటను బట్టి నిర్ణయిస్తాయి. ఖర్చు తక్కువ పంటకు రుణమూ తక్కువే. అప్పు ఎక్కువ పుట్టాలంటే ఖర్చు ఎక్కువ పంట వేస్తానని చెప్పాలి. పొదుపుగా సాగు చేసేవాడికి ఇది ఒక రకం జరిమానా.

ఇక పిట్టలు. సదస్సుల్లో నవ్వుకునే విషయంలా ఉంటుంది గాని, చాలా ఊళ్లలో జొన్న, సజ్జ మానేయడానికి ఇదీ ఒక పెద్ద కారణమే. ఊరంతా జొన్న వేసిన రోజుల్లో పిట్టల నష్టం అందరికీ పంచుకుపోయేది. మంచె కట్టి, వడిసెల తిప్పే పిల్లలు ఉండేవారు. ఇప్పుడు పిల్లలు బడిలో ఉన్నారు, అక్కడే ఉండాలి. పత్తి చేల మధ్య ఒక్క రైతు ఒక్క ఎకరా సజ్జ వేస్తే ఆ చుట్టుపక్కల పిట్టలన్నీ అక్కడే వాలుతాయి. అందుకే చిరుధాన్యాల సాగు ఒంటరి రైతు నిర్ణయంగా నెగ్గదు. పక్కపక్క చేలవారు పది ఇరవై మంది కలిసి ఒకే చోట వేయాలి. మర విషయంలోనూ ఇంతే. ఒక్కడి పంటకు మర నడవదు.

ఎక్కడ కుదిరింది

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి చేస్తున్న పని ఈ విషయంలో ముందుగా చూడదగినది. పస్తాపూర్ కేంద్రంగా, ఎక్కువమంది దళిత మహిళలతో ఏర్పడిన సంఘాలు 1990ల మధ్యలో సొంత రేషన్ వ్యవస్థను నడిపాయి. బీడుపడిన చెక్కలను సాగులోకి తేవడానికి రైతులకు అప్పు ఇచ్చి, దాన్ని డబ్బుగా కాకుండా జొన్నలుగా తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిలవచేసి, ఎవరు ఎంత పేదవారో తామే నిర్ణయించి, తక్కువ ధరకు ఇచ్చారు. సాగు, గాదె, దుకాణం, తినేవారు అన్నీ ఒకే ఊళ్లో. ఒకే చెక్కలో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుములు, నువ్వులు కలిపి వేసే పద్ధతి, ఇంటింటా విత్తనం దాచుకునే ఆచారం దీనికి ఊతమిచ్చాయి. ఈ సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి విభాగం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సంస్థను దశాబ్దాలు నడిపిన పి.వి. సతీష్ 2023లో, అదీ చిరుధాన్యాల సంవత్సరంలోనే, కన్నుమూశారు.

ఆ నమూనాకు ప్రశంసలు వచ్చినంతగా అనుకరణ రాలేదు. పంటల బీమా తీరు చూస్తే కారణం కొంత తెలుస్తుంది. బీమా లెక్క ఒక ప్రాంతంలో నోటిఫై చేసిన ఒక్కో పంటకు కోత ప్రయోగాలు చేసి దిగుబడి తేల్చడం మీద నడుస్తుంది. ఒకే చెక్కలో పది పంటలుంటే ఆ పట్టికలో దానికి గడి లేదు. ప్రమాదాన్ని తనకు తానే పంచుకున్న చేనికి బీమా దొరకదు, ఒక్క పంటకే అంతా ఒడ్డిన చేనికి దొరుకుతుంది.

ప్రభుత్వమే చేస్తే ఎలా ఉంటుందన్నదానికి ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ ఉదాహరణ. ఆదివాసీ జిల్లాల్లో కొన్ని బ్లాకులతో ప్రారంభించి విస్తరించారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే వాసన్ సంస్థ దానికి సహకార బాధ్యత మోసింది. పథకం రూపకల్పనలో తినడాన్ని సాగుతో సమానంగా మొదటి రోజే చేర్చారు. సాగు మెరుగుపరచడం, ఊరి స్థాయిలో మరలు, ఇళ్లలో వాడకం, మార్కెట్టు నాలుగూ కలిసి నడిచాయి. ఆదివాసీ సహకార సంస్థ మద్దతు ధరకు రాగులు కొనడం, వాటిని రేషన్‌లో ఇవ్వడం, కొన్ని జిల్లాల అంగన్‌వాడీల్లో రాగి లడ్డు పెట్టడం అందులో భాగాలు. సరిహద్దుకు ఇవతల పాడేరు కొండల్లో కూడా సామ, రాగి ఇంకా పండుతున్నాయి. కొర్రకొత్త పండుగ చేసుకోందే కొత్త గింజ ముట్టని ఊళ్లు ఉన్నాయి. తిండి, పంట, పండుగ విడిపోని అలాంటి చోట నిలబెట్టడం తేలిక. విడిపోయిన చోట తిరిగి అతకడం కష్టం.

రేషన్ దుకాణం దగ్గర

2013 ఆహార భద్రత చట్టం మూడు ధరలు రాసింది. బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు రూపాయలు, ముతక ధాన్యాలు ఒక రూపాయి. అంటే చిరుధాన్యాలను రేషన్‌లో ఇవ్వడానికి చట్టం ఏనాడో తలుపు తెరిచింది. 2023 జనవరి నుంచి ఆ ధాన్యమంతా ఉచితం. తెలుగు రాష్ట్రాల్లో ఆ తలుపులోంచి వస్తున్నది మాత్రం దాదాపు అంతా బియ్యమే. తెలంగాణ 2024 ఖరీఫ్‌లో సన్నవడ్లకు క్వింటాలుకు రూ. 500 బోనస్ ప్రకటించింది, 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తోంది. పేదవాడి కంచంలోకి మంచి బియ్యం రావడాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కాని ఒక చేత్తో సన్నవడ్లకు బోనస్ ఇస్తూ మరో చేత్తో చిరుధాన్యాల మేళా పెడితే రైతు ఏ చేతిని చూస్తాడో ఊహించడం కష్టం కాదు.

రాష్ట్రమంతా ఒక్కసారిగా మార్చాల్సిన పనీ లేదు. సంకటి తినే అలవాటు ఇంకా ఉన్న మండలాల్లో, రొట్టె తినే మండలాల్లో, నెలకు కార్డుకు రెండు మూడు కిలోల రాగో జొన్నో బియ్యానికి బదులుగా ఇచ్చి, ఆ గింజను ఆ జిల్లాలోనే కొంటే సరిపోతుంది. రాగి, జొన్నలతో మొదలుపెట్టడంలో ఒక సౌకర్యం ఉంది. వీటికి పొట్టు తీసే మర అక్కర్లేదు. కొర్ర, సామల వంతు తర్వాత. వాటికి ముందు మర రావాలి, మరకు ముందు ఏడాది పొడవునా ఆడించడానికి గింజ నిలవ ఉండాలి.

మహిళా సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు మరలు ఇవ్వడం ఇప్పుడు చాలా పథకాల్లో ఉంది. మర ఇవ్వడం సులభం. అది నడవాలంటే గింజ కొని నిలవచేసే పెట్టుబడి, పాడైతే బాగుచేసే మనిషి, జల్లెడలు మార్చే డబ్బు కావాలి. ఖరీఫ్ కొర్ర కార్తీకంలో కళ్లానికి వస్తుంది. సంఘం చేతిలో గింజ కొనే డబ్బు లేకపోతే పంటంతా ఆ నెలలోనే గింజగానే లారీ ఎక్కి వెళ్లిపోతుంది. ఊళ్లో వరి మర ఏడాదంతా తిరుగుతుంటే, పక్కన కొర్ర మర సంక్రాంతికి తెరుచుకుని ఉగాదికి తాళం పడుతుంది.